పాత ట్రాక్టరు సెల్ఫ్ తీసుకోకపోతే: కరెంటు లోపాన్ని వరుసగా పట్టుకోవడం ఎలా?

విశాఖపట్నం జిల్లాలో భీమిలి, పద్మనాభం, ఆనందపురం వైపు వరి ఉభాలు మొదలయ్యే రోజుల్లోనే, వేసవంతా పాకలో నిలబడిపోయిన పాత ట్రాక్టర్లు మొరాయిస్తాయి. తాళం తిప్పితే డ్యాష్‌బోర్డులో లైటు మసకబారుతుంది, ఇంజనును తిప్పే స్టార్టర్ మోటారు, అంటే సెల్ఫ్, ఒక్కసారి టక్కుమని ఆగిపోతుంది. అటువంటప్పుడు చాలామంది మొదట కొత్త బ్యాటరీ కొంటారు. అది రెండు రోజులు పనిచేసి మళ్లీ అదే పరిస్థితి వస్తే సెల్ఫ్ విప్పించి గాజువాక ఆటోనగర్‌కు పంపుతారు. డబ్బూ పోతుంది, దమ్ము పనీ ఆగుతుంది. సముద్రపు గాలి తగిలే ఈ ప్రాంతంలో నేను చూసిన లోపాల్లో ఎక్కువ భాగం బ్యాటరీలోనూ కాదు, సెల్ఫ్‌లోనూ కాదు. ఆ రెండింటినీ కలిపే వైర్ల కొసల్లో, ముఖ్యంగా బ్యాటరీని బండి ఇనుముకు కలిపే ఎర్త్ వైరు దగ్గర ఉంటాయి. అందుచేత ఏ సామానూ కొనకముందే మీటరు పెట్టి కొలవాలన్నది ఈ పద్ధతికి మూలం.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. మహీంద్రా బి-275, మాస్సీ ఫెర్గూసన్ 1035, స్వరాజ్ 735, హెచ్‌ఎంటీ 2511 వంటి మన పాత ట్రాక్టర్లన్నీ డీజిల్ ఇంజన్లే. వీటిలో స్పార్క్ ప్లగ్గు గానీ, ఇగ్నిషన్ కాయిల్ గానీ ఉండవు. సిలిండర్‌లో గాలి బాగా నొక్కుకుపోయి వేడెక్కినప్పుడు దానిలోకి చిమ్మిన డీజిల్ తనంతట తానే మండుతుంది. కాబట్టి ఇంజను స్టార్టు కావడంలో కరెంటు చేసే పని ప్రధానంగా ఒక్కటే: ఇంజనును తగినంత వేగంగా తిప్పడం. సెల్ఫ్ చురుకుగా తిప్పుతున్నా ఇంజను అందుకోవడం లేదంటే, మీరు వెతకవలసింది సాధారణంగా వైరింగులో కాదు, డీజిల్ దారిలో. ఈ తేడా గుర్తిస్తే సగం పని అయినట్టే.

పనికి కూర్చునే ముందు

సాధారణ డిజిటల్ మల్టీమీటరు ఒకటి, 12 వోల్టుల బల్బుకు రెండు వైర్లు అతికించి చేసుకున్న టెస్ట్ ల్యాంపు ఒకటి, పానాలు, వైరు బ్రష్, గరుకు కాగితం, కొంచెం వంట సోడా, పెట్రోలియం జెల్లీ దగ్గర పెట్టుకోండి. చేతి ఉంగరాలు, గడియారం, కడియం తీసి పక్కన పెట్టండి, ఎందుకంటే పానా పట్టిన చేతికి ఉన్న ఉంగరం బ్యాటరీ ప్లస్‌కూ ట్రాక్టరు బాడీకీ మధ్య తగిలితే క్షణంలో ఎర్రగా కాలి వేలిని కాల్చేస్తుంది. ఛార్జి అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించకూడదు. యాసిడ్ కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు మంచినీళ్లతో కడుగుతూ ఉండి, వెంటనే వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, పనిముట్లను తిప్పే పీటీవో షాఫ్టును వేరుచేసి, చక్రాల కింద రాళ్లు పెట్టండి. కొలిచేటప్పుడు ఇంజను అందుకోకుండా, డీజిల్‌ను ఆపే స్టాప్ నాబ్ బయటకు లాగి ఉంచండి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. తాళం పనిచేయనప్పుడు నేల మీద నిలబడి, సెల్ఫ్ బోల్టుల మధ్య స్క్రూడ్రైవరు అడ్డంపెట్టి స్టార్టు చేసే అలవాటు మన ఊళ్లలో చాలా ఉంది. ట్రాక్టరు గేరులో ఉండగా ఇలా చేస్తే ఇంజను అందుకున్న మరుక్షణం బండి కదులుతుంది. మనిషి నిలబడి ఉండేది పెద్ద చక్రానికి ముందే. ఈ విధంగా ప్రాణాలు పోయాయి. ఎంత అవసరమున్నా, ఎంత అనుభవమున్నా, దయచేసి ఆ పని చేయకండి, మీ ఇంటి పిల్లలను చేయనివ్వకండి.

మొదట చెవితో వినండి

తాళం తిప్పినప్పుడు వచ్చే శబ్దమే లోపం ఎటు ఉందో చెబుతుంది. ఏ శబ్దమూ లేకపోతే తాళం స్విచ్చి, న్యూట్రల్ సేఫ్టీ స్విచ్చి, సొలెనాయిడ్‌కు (సెల్ఫ్‌కు పెద్ద కరెంటును కలిపే స్విచ్చికి) వెళ్లే సన్న వైరు అనుమానించాలి. టకటకమని వరుసగా కొట్టుకుంటే బ్యాటరీలో బలం లేదు, లేదా ఒక కొస వదులుగా ఉంది. ఒక్కసారి గట్టిగా టక్కుమని ఆగితే సొలెనాయిడ్ లోపలి కాంటాక్టులు గానీ, ఎర్త్ వైరు గానీ, సెల్ఫ్ లోపలి కార్బన్ బ్రష్‌లు గానీ కారణం కావచ్చు. బరువుగా, ఈడ్చినట్టు తిరిగితే బ్యాటరీ నుంచి సెల్ఫ్ దాకా ఎక్కడో వోల్టేజీ పోతోంది. సెల్ఫ్ మాత్రం గిర్రున తిరిగి ఇంజను కదలకపోతే సెల్ఫ్‌ను ఇంజనుకు పట్టించే బెండిక్స్ గానీ, ఇంజను చక్రం అంచున ఉండే రింగ్ గేరు పళ్లు గానీ అరిగాయి. దానికి వైరింగుతో సంబంధం లేదు.

బ్యాటరీ

బ్యాటరీని కొన్ని గంటలు కదపకుండా ఉంచి, లేదా హెడ్‌లైట్లు రెండు మూడు నిమిషాలు వెలిగించి ఆర్పి, తరువాత వోల్టేజీ కొలవండి. ఛార్జరు తీసిన వెంటనే కనిపించే అంకె నిజం చెప్పదు. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 ఉంటే ముప్పావు వంతు, 12.2 ఉంటే సగం. 12 కంటే తగ్గితే ముందు ఛార్జి పెట్టించి ఆ తరువాతే మిగతా పరీక్షలు చేయాలి. మూతలు తీసే రకమైతే యాసిడ్ సాంద్రతను కొలిచే హైడ్రోమీటరుతో ఆరు గదుల్లోనూ చూడండి. ఐదు గదులు దాదాపు ఒకేలా ఉండి, ఒక్క గదిలో మాత్రం 0.050 కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ గది పోయినట్టే, బ్యాటరీ మార్చక తప్పదు. నీటిమట్టం తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీళ్లు వద్దు. బలం వస్తుందని యాసిడ్ అసలే వద్దు.

ఇప్పుడు అసలు పరీక్ష. మీటరు కొసలు బ్యాటరీ గుండీల (పైన ఉండే సీసపు కొసల) మీదే ఉంచి, మరొకరిని తాళం తిప్పమనండి. సెల్ఫ్ లాగుతున్నంతసేపూ 9.6 వోల్టులకు తగ్గకుండా ఉంటే బ్యాటరీ గట్టిగా ఉన్నట్టు. మనకు చలి అంతగా లేదు కాబట్టి మంచి బ్యాటరీ 10.5కు పైనే నిలబడుతుంది. నిలకడగా 12.6 చూపించి, సెల్ఫ్ కొట్టగానే 7కో 8కో పడిపోతే ఆ బ్యాటరీ మీద ఇక నమ్మకం పెట్టుకోవద్దు. సెల్ఫ్‌ను ఒక విడతకు 10 సెకన్లకు మించి తిప్పకుండా, మధ్యలో అర నిమిషమైనా విశ్రాంతి ఇవ్వండి.

వైర్లు, లగ్గులు, ఎర్త్: ఇక్కడే ఓపిక పట్టాలి

డీజిల్ ఇంజనును తిప్పేటప్పుడు సెల్ఫ్ వందల ఆంపియర్ల కరెంటు లాగుతుంది. అంత కరెంటు వెళ్లే దారిలో ఉప్పుగాలికి పట్టిన పలుచని పొర కూడా పెద్ద అడ్డంకే. పైకి శుభ్రంగా కనిపించే కొసను కళ్లతో నమ్మకండి. భీమిలి తీరానికి దగ్గరలో పనిచేసిన ఒక ట్రాక్టరు ప్లస్ వైరును చూశాను. రబ్బరు తొడుగు నల్లగా మెరుస్తోంది, వైరు కొసన ఉండే లోహపు బిగింపు, అంటే లగ్గు, బిగువుగానే ఉంది. కానీ లగ్గు దగ్గర వేలితో నొక్కితే గట్టిగా ఉండవలసిన వైరు మెత్తగా, ఉబ్బినట్టు తగిలింది. అక్కడ రబ్బరు చీల్చి చూస్తే రాగి తీగల మధ్య ఆకుపచ్చ పొడి నిండి, చాలా పోగులు నల్లబడి చేతికి పుటుక్కున విరిగిపోయాయి. టెస్ట్ ల్యాంపు పెడితే ఆ వైరులోనే బల్బు చక్కగా వెలిగింది, ఎందుకంటే చిన్న బల్బుకు కావలసిన కరెంటు మిగిలిన నాలుగు పోగుల్లోంచి కూడా వెళ్తుంది. సెల్ఫ్‌కు అది చాలదు. అందుకే ఈ పెద్ద వైర్లను టెస్ట్ ల్యాంపుతో కాదు, సెల్ఫ్ తిరుగుతుండగా మీటరుతో పరీక్షించాలి.

పద్ధతి ఇది. మీటరును డీసీ వోల్టేజీలో పెట్టి, ఒక కొస బ్యాటరీ ప్లస్ గుండీ మీద, రెండో కొస సెల్ఫ్ మోటారుకు కరెంటు వెళ్లే బోల్టు మీద పెట్టి, తాళం తిప్పించండి. మీటరులో కనిపించేది ఆ దారిలో వృథాగా పోయిన వోల్టేజీ. అది 0.5 లోపు ఉండాలి. తరువాత ఒక కొస బ్యాటరీ మైనస్ గుండీ మీద, రెండోది సెల్ఫ్ బాడీ మీద, రంగు లేని చోట గీకి పెట్టి మళ్లీ తిప్పించండి. ఇక్కడ 0.3 దాటకూడదు. కొస పెట్టేటప్పుడు లగ్గు మీద కాకుండా సీసపు గుండీ మీదే పెట్టడం ముఖ్యం. లేకపోతే గుండీకీ లగ్గుకూ మధ్య ఉన్న లోపం మీటరుకు దొరకదు.

పద్మనాభం వైపు ఒక పాత ట్రాక్టరులో వచ్చిన అంకెలు చూస్తే ఈ పరీక్ష విలువ తెలుస్తుంది. సెల్ఫ్ బరువుగా లాగుతుండగా బ్యాటరీ గుండీల మధ్య 11.2 వోల్టులు ఉన్నాయి, సెల్ఫ్ దగ్గర మాత్రం 8.6 మాత్రమే అందుతున్నాయి. అంటే దారిలో 2.6 వోల్టులు పోతున్నాయి. ప్లస్ వైపు కొలిస్తే పోయేది 0.4 మాత్రమే, మిగతా 2.2 వోల్టులూ ఎర్త్ వైపే పోతున్నాయి. ఎర్త్ పట్టీ బిగించిన చోట ఎవరో కొత్తగా రంగు వేయించి, ఆ రంగు మీదే బోల్టు బిగించారు. దాని చుట్టూ తుప్పు కూడా పట్టింది. యజమాని అప్పటికే బ్యాటరీ మార్చారు, సెల్ఫ్ బాగు చేయించారు. రంగు గీకి, పట్టీ కొసలు మెరిసేలా రుద్ది బిగించిన తరువాత అదే సెల్ఫ్ చురుకుగా తిరిగింది.

ఎక్కువ వోల్టేజీ పోతున్న వైపు తేలాక, మీటరు కొసలను దగ్గర దగ్గరగా జరుపుకుంటూ వెళ్లండి: గుండీ నుంచి లగ్గుకు, లగ్గు నుంచి వైరు రెండో కొసకు, అక్కడి నుంచి బోల్టుకు. ఒక్కొక్క అతుకు దగ్గర 0.1 వోల్టు కంటే ఎక్కువ కనిపిస్తే లోపం అక్కడే ఉంది. విప్పేటప్పుడు బాడీకి కలిపిన ఎర్త్ కొస మొదట తీయాలి, బిగించేటప్పుడు అది చివర బిగించాలి. గుండీ మీద పేరుకున్న తెల్లటి బూజును వేడినీళ్లలో కలిపిన వంట సోడాతో కడిగి, ఆ నీళ్లు బ్యాటరీ గదుల్లోకి పోకుండా చూసుకోండి. ఆరిన తరువాత వైరు బ్రష్‌తో సీసం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, అప్పుడు పైన పెట్రోలియం జెల్లీ పూయండి. మన తీరంలో ఈ పని వర్షాలకు ముందు ఒకసారి, అక్టోబరు, నవంబరు తుపాన్లు దాటాక మరోసారి చేయడం మంచిది.

పాడైన పెద్ద వైరు మార్చవలసి వస్తే ముందున్న దానికంటే సన్నది వేయకండి. లగ్గును సుత్తితో కొట్టి అతికించిన వైరు కాకుండా, యంత్రంతో నొక్కించినది అడిగి తీసుకోండి.

తాళం స్విచ్చి, సన్న వైరు, సొలెనాయిడ్

పెద్ద వైర్లు బాగున్నా సెల్ఫ్ పలకకపోతే, సొలెనాయిడ్ మీది సన్న వైరు టెర్మినల్ దగ్గర మీటరు పెట్టి తాళం తిప్పించండి. చాలా వాటి మీద దీనికి 50 అని అంకె ఉంటుంది. అక్కడ ఏమీ రాకపోతే దారిని వెనక్కి వెతకాలి: ఫ్యూజు, తాళం స్విచ్చిలోకి వచ్చే వైరు, బయటకు వెళ్లే వైరు, ఆ తరువాత న్యూట్రల్ సేఫ్టీ స్విచ్చి. కొన్ని మోడళ్లలో ఈ స్విచ్చి గేరు దగ్గరో క్లచ్ దగ్గరో ఉండి, బురద పట్టి అతుక్కుపోతుంది. దాన్ని శుభ్రం చేయండి, పాడైతే మార్చండి. వైర్లు కలిపేసి శాశ్వతంగా పక్కన పెట్టకండి. గేరులో ఉన్న ట్రాక్టరు స్టార్టు కాకుండా ఆపేది అదే.

సన్న వైరుకు 7, 8 వోల్టులే వస్తుంటే తాళం స్విచ్చి లోపలి కాంటాక్టులు కాలి ఉంటాయి. సొలెనాయిడ్ లాగే కరెంటు తక్కువేమీ కాదు, పాత స్విచ్చి దాన్ని ఏళ్ల తరబడి మోసి అలిసిపోతుంది. స్విచ్చి మార్చిన తరువాత మధ్యలో ఒక మంచి స్టార్టర్ రిలే వేయించుకుంటే బరువు రిలే మీద పడి కొత్త స్విచ్చి ఎక్కువ కాలం ఉంటుంది. రిలేకు వెళ్లే తీగ సేఫ్టీ స్విచ్చి దాటిన తరువాతిదే కావాలి.

సన్న వైరుకు నిండు వోల్టేజీ వచ్చి, టక్కుమని శబ్దం కూడా వచ్చి, సెల్ఫ్ తిరగకపోతే సొలెనాయిడ్ రెండు పెద్ద బోల్టుల మధ్య కొలవండి. తాళం తిప్పి ఉంచినప్పుడు 0.2 లోపు ఉంటే కాంటాక్టులు కలుస్తున్నాయి, లోపం సెల్ఫ్ మోటారులో ఉంది. బ్యాటరీ వోల్టేజీ అంతా అక్కడే కనిపిస్తే లోపలి రాగి బిళ్ల కాలిపోయింది. సొలెనాయిడ్ మారిస్తే చాలు, సెల్ఫ్ జోలికి పోనక్కరలేదు.

సెల్ఫ్ విప్పక తప్పనప్పుడు కార్బన్ బ్రష్‌ల పొడవు, స్ప్రింగుల బిగువు, బుష్‌ల అరుగుదల చూడమని ఎలక్ట్రీషియన్‌కు ప్రత్యేకంగా చెప్పండి. బుష్ అరిగితే ఆర్మేచర్ పక్కకు ఒరిగి లోపల రాసుకుంటుంది, బరువుగా తిరగడానికి అదీ ఒక కారణం. మీరు రాసుకున్న వోల్టేజీ అంకెలు ఆయనకు చూపిస్తే అనవసరమైన పని తగ్గుతుంది. సెల్ఫ్ ఒక్కోసారి మాత్రమే పట్టక కిర్రుమంటే రింగ్ గేరు పళ్లు కొన్నిచోట్ల అరిగాయనుకోవచ్చు, ఎందుకంటే ఇంజను ఆగే ప్రతిసారీ దాదాపు అవే చోట్ల ఆగుతుంది.

ఛార్జింగు

ఇంజను స్టార్టయిన తరువాత వేగం మధ్యస్థంగా పెంచి బ్యాటరీ గుండీల దగ్గర కొలవండి. బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరు ఉన్న ట్రాక్టరులో 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు వెలిగించినా 13 కంటే దిగకూడదు. 15 దాటుతుంటే ఆ వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటరు పాడైంది. బ్యాటరీ నీళ్లు త్వరగా ఇంకడం, బల్బులు తరచూ మాడడం దీని గుర్తులు. వోల్టేజీ అసలు పెరగకపోతే ముందు ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కండి. 10 నుంచి 15 మిల్లీమీటర్లు మాత్రమే దిగాలి. ఆ తరువాత ఛార్జింగు లైటు చూడండి. తాళం తిప్పి ఆన్ చేసినప్పుడు వెలిగి, ఇంజను అందుకోగానే ఆరడం సరైన తీరు. అనేక ఆల్టర్నేటర్లు మొదటి కరెంటును ఆ బల్బు ద్వారానే తీసుకుంటాయి కాబట్టి, అది మాడిపోతే ఆల్టర్నేటరు బాగున్నా ఛార్జి చేయకపోవచ్చు. కొన్ని రూపాయల బల్బు కోసం ఆల్టర్నేటరు మార్చినవారున్నారు.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి ఛార్జింగు చూడడం ఒక పాత అలవాటు. ఆల్టర్నేటరుకు ముందు వాడిన డైనమో కాలంలో చెల్లిందేమో గానీ, ఆల్టర్నేటరులో దాని వల్ల డయోడ్లు పోతాయి. ట్రాక్టరుకు గానీ, తగిలించిన ట్రాలీకి గానీ వెల్డింగు చేయించేటప్పుడు కూడా బ్యాటరీ వైర్లు విప్పించండి.

డైనమో ఉన్న పాత బండ్లలో ఇంజను నెమ్మదిగా నడిచేటప్పుడు ఛార్జి కాకపోవడం సహజమే, అది లోపం కాదు. వేగం పెంచినా కాకపోతే బ్రష్‌లు, కమ్యుటేటరు, ఆ తరువాత కటౌట్, రెగ్యులేటరు పెట్టె చూడాలి. మరొక జాగ్రత్త కూడా ఉంది: బ్రిటిష్ మూలమున్న కొన్ని పాత ట్రాక్టర్లలో ప్లస్ వైపే బాడీకి ఎర్త్ చేసి ఉంటుంది. కొత్త బ్యాటరీ పెట్టే ముందు పాత దాని ఏ గుండీ బాడీకి కలిసి ఉందో చూసి, రాసుకుని, అలాగే కలపండి.

ఇంకో బండి బ్యాటరీతో స్టార్టు చేయాలంటే

లారీలో సాధారణంగా రెండు బ్యాటరీలు వరుసగా కలిపి 24 వోల్టులు ఉంటాయి, ట్రాక్టరుకు 12 మాత్రమే చాలు. కాబట్టి సాయం మరో ట్రాక్టరు నుంచో, 12 వోల్టుల కారు నుంచో తీసుకోండి. మైనస్ ఎర్త్ ఉన్న ట్రాక్టరులో మొదట డీలాపడిన బ్యాటరీ ప్లస్‌కు, తరువాత మంచి బ్యాటరీ ప్లస్‌కు, ఆపై మంచి బ్యాటరీ మైనస్‌కు, చివరి కొస మాత్రం బ్యాటరీకి దూరంగా, స్టార్టు చేయవలసిన ట్రాక్టరు ఇంజను ఇనుముకు కలపాలి. విప్పేటప్పుడు ఇదే వరుసను వెనక నుంచి పాటించాలి.

సెల్ఫ్ చురుకుగా తిరిగినా ఇంజను అందుకోకపోతే

స్టాప్ నాబ్ లోపలికి నెట్టారా అన్నది మొదట చూడండి. కొలిచే పరీక్షల కోసం మీరే లాగి ఉంచారు. కరెంటుతో పనిచేసే స్టాప్ సొలెనాయిడ్ ఉన్న ట్రాక్టరులో మాత్రం, తాళం ఆన్ చేయగానే అక్కడ టక్కుమని వినిపించాలి, దాని వైరుకు 12 వోల్టులు రావాలి. ఇవి రెండూ సరిగ్గా ఉంటే ఇక ట్యాంకు, ఫిల్టరు, పైపుల్లో పట్టిన గాలి సంగతి చూడాలి. చలిలో స్టార్టు కావడానికి వేడి అందించే హీటర్ ప్లగ్గు మన తీరంలో దాదాపు అవసరం పడదు గానీ, డిసెంబరులో అరకు, లంబసింగి వైపు పనికి వెళ్లే ట్రాక్టరుకు అది పనిచేస్తోందో లేదో బయలుదేరే ముందే చూసుకోవాలి.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంటే

అన్నీ ఆర్పి, తాళం తీసి, ఎర్త్ వైరు విప్పి, ఆ వైరుకూ బ్యాటరీ గుండీకీ మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టండి. బల్బు వెలిగితే, మసకగానైనా సరే, ఎక్కడో కరెంటు కారుతోంది. ఒక్కొక్క ఫ్యూజూ తీస్తూ వెళ్లి, ఏది తీస్తే బల్బు ఆరుతుందో ఆ దారిలో వెతకండి. ఏది తీసినా ఆరకపోతే ఆల్టర్నేటరు వైరు విప్పి చూడండి, లోపలి డయోడు పోయినా ఇలాగే జరుగుతుంది. బల్బు అసలు వెలగకపోతే అదే చోట మీటరును 10 ఆంపియర్ల వరుసలో పెట్టి కొలవండి, కానీ మీటరు అలా ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టవద్దు. ఎలక్ట్రానిక్ సామాను లేని పాత ట్రాక్టరులో దాదాపు సున్నా రావాలి.

ఎండాకాలం పాకలో ఉన్న బండికి ఎలుకలు వైర్లు కొరకడం చాలా సాధారణం. డ్యాష్‌బోర్డు వెనక, ట్యాంకు కింద వైరింగు కట్టను చేతితో తడుముతూ చూడండి. కొరికిన చోట టేపు చుట్టి వదిలేయకుండా కొత్త ముక్క అతికించి, తొడుగు వేయండి. ఫ్యూజు పోతే అదే ఆంపియర్ల ఫ్యూజు వేయాలి. సిగరెట్టు పెట్టెలోని రేకు, రాగి తీగ చుట్టిన ఫ్యూజులు అసలు లోపాన్ని దాచిపెట్టి, చివరకు వైరింగు మొత్తాన్ని కాలుస్తాయి.

ట్రాలీ వెనక లైట్లు కూడా ఈ పనిలో భాగమే. ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి వెళ్లే ఆరు వరుసల రోడ్డు మీద చీకట్లో లైటు లేని ట్రాలీ వెనక వచ్చేవారికి కనిపించదు. ఒక లైటు వెలగకపోతే బల్బు మాడిందేమో చూడండి. అన్నీ మసకగా ఉంటే లేదా ఇండికేటరు వేస్తే బ్రేకు లైటు కూడా మినుకుమంటుంటే, అది ఎర్త్ లోపమే. ట్రాలీ లైట్లకు ఎర్త్ కోసం హుక్కు మీద ఆధారపడకుండా, ట్రాక్టరు నుంచి సాకెట్ ద్వారా విడిగా ఒక ఎర్త్ వైరు లాగి, లైటు బాడీకే నేరుగా కలపండి.